దొంగిలిస్తేనే బతికే నీలాంబరం

పొద్దున పక్కింటి కొత్తకోడలు గోడ మీది నుంచి తొంగిచూసి, "ఆంటీ, గా నీలాంబరం కొమ్మ ఒకటి ఇస్తరా?" అనడిగింది. నాకు చిర్రెత్తింది. మొక్కను గట్ల నోరు తెరిచి అడుగుతరా ఎవరన్న?

నైజాం పోయిన కొత్తల మేము జగిత్యాలల ఉంటిమి. పెరట్ల ఉన్న నీలాంబరాన్ని మాయమ్మ, అదే మా అవ్వ, తన తల్లిగారింటి నుంచి తెచ్చి పెట్టింది. ఆ నీలిపూలంటే నాకు పానం. ఒకనాడు పక్కింటి రాజత్త వచ్చి ఆ చెట్టు దగ్గర నిలబడ్డది. అవ్వ వెంటనే "పొయ్యి మీద అన్నం మాడుతున్నట్టుంది" అనుకుంట లోపలికి పోయింది. పొయ్యి ఇంకా అంటియ్యనే లేదు! రాజత్త కొమ్మ తుంచి కొంగుల దాసుకున్నది.

"అవ్వా, దొంగ! దొంగ!" అని వాడంత వినేటట్టు ఒర్లిన.

అవ్వ ఉరికొచ్చి నా నెత్తి మీద ఒక్కటి పెట్టింది. "నోరు ముయ్యవే! అడిగి తీసుకున్న మొక్క బతుకదు, దొంగిలిస్తేనే నాటుకుంటది."

దొంగను పట్టిన నాకే దెబ్బ! రాజత్తతోని మస్తు రోజులు మాట్లాడలే.

ఎండకాలం బాయి ఎండింది, మా చెట్టూ ఎండింది. తొలకరి పడంగనే అవ్వ నన్ను రాజత్త ఇంటికి తోలుకపోయింది. ఆడ నీలాంబరం గుబురుగ పూసి ఉన్నది. మమ్మల్ని చూడంగనే రాజత్త, "పాలు పొంగుతున్నయో ఏమో" అని లోపలికి పోయింది. వాళ్లింట్ల బర్రె లేదు, పాలూ లేవు.

"తెంపు" అన్నది అవ్వ మెల్లగ.

ఇదంత గీ పక్కింటి కొత్తపిల్లకు ఎవరు చెప్పాలె? "పొయ్యి మీద పాలున్నయమ్మా" అని నేను లోపలికొచ్చిన. జర సేపు ఆగి కిటికీల నుంచి చూస్తే, పిచ్చిపిల్ల ఇంకా చేతులు కట్టుకొని నా కోసమే ఎదురుచూస్తున్నది.