అమ్మ తల మీది ఘటం

“కళ్లు తెరువమ్మా, తెరువ్!” అని అరుస్తూ ఒక చేత్తో అమ్మ నడుం గట్టిగా పట్టుకుని, రెండో చేత్తో చెంబుడు నీళ్లు ముఖం మీద గుమ్మరించాను. “సబ్బుంటే ఎలాగ తెరుత్తానే ఎర్రిగుంటా?” అని ఆవిడ నా మీదే విసుక్కుంది. పక్కనే ప్లాస్టిక్ స్టూలుంది. దాని మీద కూర్చుని ముఖం కడుక్కోమని డాక్టరు చెప్పాడు, నాన్న చెప్పాడు, నేనైతే రోజూ చెబుతున్నాను. కూర్చోదు. ముసలాళ్లు కూర్చుంటారట! యాభై నిండని మనిషికి స్టూలేమిటట! సరే అని నేనే స్టూలులాగా వెనకాల నిలబడుతున్నాను. ఇవాళ ఆ ఇత్తడి చెంబు కింద పెడుతుంటే దాని అంచు మీద పసుపు మరక కనిపించింది. ఎంత తోమినా పోలేదు. పోయినేడు అమ్మవారి జాతరలో అంటిన మరక అది. దాన్ని చూసి నాకు నవ్వొచ్చింది.

మా తాత గ్యాంగ్‌మన్ పనికి శ్రీకాకుళం వైపు నుంచి బిలాస్‌పూర్ వచ్చాడు. వస్తూ వస్తూ ఊళ్లో అమ్మవారినీ తెచ్చుకున్నారు ఆ కాలం వాళ్లు. రైల్వే కాలనీ చివర వేపచెట్టు కింద చిన్న గుడి కట్టారు. ఏటా ఎండాకాలం మొదట్లో ఘటాలు ఎత్తుతారు. పసుపు రాసిన కుండలో నీళ్లు పోసి, వేపాకు పెట్టి, పైన దీపం వెలిగించి, ఒక ఆడమనిషి దాన్ని నెత్తిన పెట్టుకుని క్వార్టర్ల మధ్య తిరగాలి. ప్రతి గుమ్మంలోనూ ఆమె కాళ్లకు పసుపునీళ్లు పోస్తారు. ఆ ఘటం ఎత్తేది మా అమ్మ. పెళ్లయి వచ్చిన దగ్గర్నుంచీ ఆవిడే. అందరూ ఒక చెయ్యి పైకి పెట్టి పట్టుకుంటారు. మా అమ్మ పట్టుకోదు. రెండు చేతులూ కిందికి వదిలేసి, ఏదో కూరగాయలకు వెళ్తున్నట్టు నడుస్తుంది. పక్క క్వార్టర్ ఛత్తీస్‌గఢీ భాభీ అయితే ప్రతి ఏడూ నోరు తెరుచుకుని చూసి, “దీదీ, నీ తలకి గోంద్ ఉంటాది, బంక” అనేది, మా కాలనీలో నేర్చుకున్న తెలుగులో. చిన్నప్పుడు బళ్లో ఎవరైనా మీ నాన్నేం చేస్తారు అంటే లోకోషెడ్డులో ఇంజన్ల రిపేరు అని ఒక్క ముక్కలో చెప్పి, మా అమ్మ ఘటం ఎత్తుతుంది అని పది ముక్కల్లో చెప్పేదాన్ని. చదువు పదితో ఆగిపోయింది కానీ ఆ గొప్ప మాత్రం ఇంకా ఆగలేదు.

అలాంటి మనిషి పడిపోవడం మొదలుపెట్టింది. మొదటిసారి పెరట్లో పడితే నేల తడి అన్నాం. తర్వాత కుళాయి దగ్గర ముఖం కడుక్కుంటూ పడితే నాన్న ఆవిడ ఇంట్లో వేసుకునే చెప్పులు తిరగేసి చూసి, “అరిగిపోనాయి, ఇంకేటి?” అని కొత్తవి కొనితెచ్చాడు. ఆ కొత్త చెప్పులతోనే ఒక సాయంత్రం కరెంటు పోగానే వంటింట్లో పడింది. నాన్న మళ్లీ ఇంకో జత తెచ్చాడు. పాపం ఆయనకు తెలిసిన రిపేరు అదొక్కటే, అరిగింది మార్చడం. ఊళ్లోనే లింగియాడీహ్‌ పేటలో ఉండే మా మేనత్త ఆటో ఎక్కి వచ్చి నిమ్మకాయతో దిష్టి తీసి, “వదినా, నిన్ను సూసి కుళ్లుకున్నోళ్లు మనోళ్లలోనే ఉన్నారు” అంది. అమ్మ మాత్రం మోచేతికి పసుపు రాసుకుంటూ, “అచ్ఛా, వాళ్లే వొచ్చి తోసీసినారా?” అని నవ్వింది. డాక్టరు మాట ఎత్తితే జాతర అవ్వనీ అనేది. ఘటం ఎత్తనివ్వరేమోనని ఆవిడ భయం. మధ్యలో పడిపోతుందేమోనని నా భయం. అమ్మ నెత్తి మీది ఘటం పగిలితే కాలనీ మొత్తానికి కీడని మావాళ్ల నమ్మకం. అదే జరిగితే ఆ మాట జీవితాంతం మా అమ్మ వెనకాల నడుస్తుంది.

జాతర రోజు డప్పులు మొదలయ్యాయి. అమ్మ పసుపు చీర కట్టుకుని, చుట్టకుదురు మీద ఘటం పెట్టించుకుని బయల్దేరింది. చేతులు కిందికే. నేను పక్కనే, ఇత్తడి చెంబుతో పసుపునీళ్లు పట్టుకుని. ప్రతి గుమ్మం దగ్గరా నా ప్రాణం అరచేతిలోకి వచ్చి మళ్లీ వెనక్కి పోతోంది. గుడి కనబడేదాకా ఏమీ కాలేదు. అక్కడ మా అత్త కాచుకుని ఉంది. అందరూ కాళ్లకు నీళ్లు పోస్తే మా అత్తకు సరిపోదు, భక్తి ఎక్కువ. నా చేతిలో చెంబు లాక్కుని పసుపునీళ్లు అమ్మ ముఖం మీదే కొట్టింది. అమ్మ కళ్లు మూసుకుంది. అంతే, చెట్టుకొమ్మలాగా ఒక పక్కకు ఊగింది.

“అమ్మోరొచ్చింది! అమ్మోరొచ్చింది!” అని జనం కేకలు. డప్పులు రెట్టింపయ్యాయి. అమ్మ నా వైపు వంగి పళ్ల మధ్య నుంచి, “గుంటా, పట్టుకో. కాళ్ల కింద నేల తెలీటం లేదు” అంది. నేను చెయ్యి వెయ్యబోతే వెనక నుంచి ఎవరో నా జబ్బ పట్టి లాగేశారు. పూనకం వచ్చిన మనిషిని ముట్టుకోకూడదట! నేను ఏడుస్తూ గింజుకుంటున్నాను. ఈలోపల మా అత్త సాగిలపడి, “అమ్మా, తల్లీ, మా గుంటడికి రైల్వే నౌకరీ వొత్తాదా?” అని అడుగుతోంది. అమ్మ ఈ పక్కకు ఊగింది, ఆ పక్కకు ఊగింది. దీపం ఊగింది. అప్పుడు మా అమ్మ, నేనెప్పుడూ వినని పెద్ద గొంతుతో, “నా గుంటని రానియ్యండి! అది పట్టుకుంటేనే నాను కదుల్తాను!” అని అరిచింది.

జనం రెండుగా చీలిపోయారు. నేను పరిగెత్తి నడుం పట్టుకున్నాను. ఆవిడ బరువంతా నా భుజం మీద పడింది. తల మాత్రం నిటారుగా ఉంది. ఆ చివరి నాలుగడుగులూ ఇద్దరం ఒకే మనిషిలాగా నడిచాం. గుడి అరుగు మీద ఘటం దింపేసరికి దీపం వెలుగుతూనే ఉంది.

అమ్మ అరుగు మీద కూలబడింది. అందరూ వచ్చి కాళ్లకు మొక్కడం మొదలుపెట్టారు. ఊరుకుంటే సరిపోయేది. ఏడాదంతా ఆ గౌరవం మీద బతికేయొచ్చు, వచ్చే ఏడు ఇంకోసారి ఊగొచ్చు కూడా. అమ్మ చీరకొంగుతో ముఖం తుడుచుకుని, “లెగండి. అమ్మోరు కాదు, నానే. కొన్నాళ్లబట్టీ నాకు కాళ్లు నిలబడటం లేదు. పడిపోతన్నాను. ఎందుకో తెలీదు” అంది. డప్పులు ఆగిపోయాయి. ఒక పెద్దాయన కోపంగా, “అమ్మోరి పేరు సెప్పి ఆటలా?” అన్నాడు.

“అమ్మోరి పేరు నాను సెప్పినానా బాబూ? మీరే సెప్పినారు. నా కూతుర్ని రానీమన్నాను, అంతే.”

ముందు భాభీ నవ్వింది. తర్వాత మిగతావాళ్లు. ఆ పెద్దాయన కూడా మీసం చాటున నవ్వాడు. మా అత్త మాత్రం నేల మీద నుంచి లేవకుండానే, “మరి మా గుంటడి నౌకరీ?” అంది. “సదివితే వొత్తాది, లెగు” అంది అమ్మ. ఆ తర్వాత తల మీది చుట్టకుదురు తీసి, కాసేపు ఒళ్లో పెట్టుకుని, “పై ఏటికి ఇంకెవులైనా ఎత్తండి” అని మెల్లగా చెప్పింది.

ఆ వారంలోనే ఊళ్లో తెలిపారా అనే పేటలో ఒక డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాం. ఆయన అమ్మను పాదాలు దగ్గరగా పెట్టి నిలబడమని, కళ్లు మూసుకోమన్నాడు. మూసిన వెంటనే అమ్మ వాలిపోయింది, ఆయనే పట్టుకున్నాడు. పాదాలకు నేల సరిగ్గా తెలియడం లేదట, ఇన్నాళ్లూ ఆ పని కళ్లే చేస్తున్నాయట. సబ్బు, చీకటి, పసుపునీళ్లు, మూడూ నాకు అప్పుడు ఒకే దారంలో పడ్డాయి. ఎందుకిలా అయిందో మాత్రం ఇంకా తేలలేదు. పరీక్షలు నడుస్తున్నాయి, మందులు మారుతున్నాయి. రాత్రుళ్లు మా ఇంట్లో ఒక లైటు ఆరదు. నేల తెలియకుండా అంత దూరం, అంత ఘటంతో, చేతులు కిందికి వదిలేసి నడిచిందా అని నేను ఇప్పటికీ ఆశ్చర్యపోతుంటాను. ఏళ్లు గడిచేకొద్దీ మనుషులు కొంచెం కొంచెంగా తగ్గిపోతారంటారు. మా అమ్మ ఏ పక్క నుంచి తగ్గిందో నాకైతే కనబడదు.

పోయినేడు ఆ జాతర మర్నాడు పొద్దున్నే, నాన్న డ్యూటీకి వెళ్లగానే, నేను ఆ చుట్టకుదురు నా నెత్తిన పెట్టుకుని, నీళ్లబిందె దాని మీద ఎత్తుకుని, గుమ్మం నుంచి గేటు దాకా నడిచాను. సగం నీళ్లు నా మీదే ఒలికాయి. “మెడ కాదే, నడుం! నడుం సూసుకో!” అని వెనక నుంచి కేక. తిరిగి చూస్తే అమ్మ మెట్టు మీద కూర్చుని, గోడకు వీపు ఆనించి, భయం లేకుండా హాయిగా కళ్లు మూసుకుని, బిందెలో నీళ్ల చప్పుడు వింటోంది. నేను రెండు చేతులూ కిందికి వదిలేసి మళ్లీ నడిచాను.