పిల్లల ఉర్దూ, ఊరి నీళ్లు

నా పెద్దబిడ్డకు పదేండ్లు, కొడుక్కు ఎనిమిది, చిన్నబిడ్డకు నాలుగు నిండిన ఏడాది సంగతి ఇది. నైజాం రాజ్యం నడుస్తున్నది. మా ఊర్ల బడి లేదు. పెద్దోళ్లిద్దరు వాగు దాటి, రెండు మైళ్ల అవతలున్న ఊరికి నడిచిపోయి చదువుకుంటుండిరి. ఆ బడిల చదువంత ఉర్దూలనే. తెలుగు అక్షరాలు చిన్నప్పుడు మా నాయిన నాకు నేర్పిండు. వాటినే నేను పొద్దుమూకే యాళ్లకు పలక మీద వీళ్లతోటి దిద్దిస్తుంటి.

ఏడాది తిరిగేసరికి ఇద్దరికి ఉర్దూ నోట్లె పడ్డది. ఇగ నా ముంగటనే కూసోని ఉర్దూల మాట్లాడుకునుడు మొదలువెట్టిన్రు. గుసగుస గూడ కాదు, గట్టిగనే. మాట్లాడి నా మొకం చూసి నవ్వుతరు. "ఏందే?" అంటే, "ఏం లేదమ్మా" అంటది పెద్దది. మా ఆయనకు కచేరీల చుట్టు తిరిగి తిరిగి ఉర్దూ ఎరుకే గాని, ఆయన పొద్దంత చెల్కల ఎవుసం పనిలనే ఉంటడు. నాకు కోపం రాలే. కాని నా ఇంట్ల నాకు అర్థంగాని మాట తిరుగుతుంటే ఊకునే దాన్ని కాదు నేను.

మా వాడకట్టుల బట్టలు కుట్టే ఆయన భార్య ఉండె. నాకన్న ఐదేండ్లు పెద్ద. ఆపా అని పిలుస్తుంటి. ఆమె బిడ్డ గూడ అదే బడికి పోతుండె. ఆ పిల్ల తోడున్నదనే మా అత్త నా బిడ్డను బడికి పంపనిచ్చింది. ఒకనాడు ఇద్దరం కందులు చెరుగుకుంట కూసున్నప్పుడు అడిగిన.

"ఆపా, నాకు జర ఉర్దూ నేర్పుతవా? పిల్లలకు మాత్రం తెల్వొద్దు."

ఆమె చాట పక్కకువెట్టి నవ్వింది. "ఎందుకు? చాటుగ ఇంటవా?"

"ఇంట. నా పిల్లలే గద."

ఆ దినం నుంచి పిల్లలు బడికి పోయినంక రోజుకు నాలుగు మాటలు. పప్పు ఇసురుకుంట, బియ్యం ఏరుకుంట నేర్చుకున్న. మాట్లాడమంటే నాలిక తిరగకపోతుండె గాని, నాలుగు నెలలకు ఇన్నది అర్థమైతుండె.

మొదట బయటపడ్డది దూడ సంగతి. పొద్దున నేను పెట్టిన జొన్న గటక గిన్నెలు పట్టుకొని ఇద్దరు వాకిట్ల కూసుండిరి. "ఆజ్ తూ దే బఛ్‌డే కో, కల్ మై దియా," అన్నడు కొడుకు. నిన్న నా గటక దూడకు వేసిన, ఇయ్యాల నీది వెయ్యి అని. దూడ బలుస్తుంటే తల్లి పాలు మంచిగున్నయని మురిసిపోయిన దాన్ని నేను! తెల్లారి దూడను తీస్కపోయి కొట్టం వెనుక కట్టేసిన. ఇద్దరు గిన్నెలు పట్టుకొని వాకిలంత తిరిగి, కడకు కూసోని తిన్నరు. నేను లోపల కొంగు అడ్డంబెట్టుకొని నవ్విన.

గట్ల రెండు నెలలు నడిచింది. ఒకనాడు బడి నుంచి వచ్చి కాళ్లు కడుక్కున్నరు. జొన్నరొట్టె ముంగట పెడితే కొడుకు వద్దన్నడు, అంబలి పొయ్యమన్నడు. రొట్టె అంటే పానం ఇడిసేటోడు. నేను ముంత తెచ్చేలోపల అక్క మెల్లగ అడిగింది.

"ఆజ్ భీ ఖూన్ ఆయా?"

"ఆయా. అమ్మాకో నక్కో బోల్."

ఖూన్ అంటే నెత్తురు. నెత్తురు వచ్చింది, అమ్మకు చెప్పకు అంటున్నడు. ఇగ తెల్వనట్టు ఉండబుద్ధి కాలే.

"ఇధర్ ఆ బేటా," అన్న. "మూ ఖోల్."

ఇద్దరు కొయ్యబారిపోయిన్రు. పెద్దది నోటికి చెయ్యి అడ్డంబెట్టుకున్నది. కొడుకు ఒక్కొక్క అడుగేసుకుంట వచ్చి నోరు తెరిచిండు. చిగుళ్లు చెక్కుకపోయి ఎర్రగున్నయి.

మా ఊరి పిల్లలకు పాలపండ్లు ఊడి కొత్తవి వస్తే, అవి పసుపుపచ్చగ, గోధుమరంగు చారలతోటి వస్తుండె. అందరివీ అంతే గనుక ఎవ్వరు పట్టించుకోకపోతుండె. వీనివి గూడ గట్లనే వచ్చినయి.

"ఎవరు చేసిన్రు కొడుకా ఇది?"

"నేనే చేసుకున్న."

సంగతంత అప్పుడు చెప్పిండు. బడికి పట్నం నుంచి కొత్త సారు వచ్చిండట. పొద్దున మొగపిల్లలను వరుసల నిలబెట్టి గోర్లు, పండ్లు చూస్తడట. పండ్లు పచ్చగున్నోళ్ల చేతిల ఇటుకపొడి పోసి, గోడ దిక్కు నిలబడి తెల్లగయ్యేదాక తోమమంటడట. గోడకాడ నిలబడుడు చాతగాక, నా కొడుకు దారిల వాగుకాడనే ఇసుకతోటి, పలిగిన కుండ పెంకాసుతోటి గీక్కొని పోతుండట. పదిహేను దినాల సంది.

"నాకెందుకు చెప్పలే?"

వానికి బదులు పెద్దది చెప్పింది. "మీ అమ్మ మీకు పండ్లు తోముకునుడు గూడ నేర్పలేదా అన్నడమ్మా సారు. గది ఇంటే నువ్వు బాధపడ్తవని."

నన్ను ఆటపట్టియ్యడానికే వీళ్లు ఉర్దూ మాట్లాడుతున్నరని ఇన్నాళ్లు అనుకున్న. నేను ఒక మాట పడకుండ చూస్తున్నరని నాకేం తెలుసు? రోజు పొద్దున వాకిట్ల నిలబడి వేపపుల్ల నమిలించేది నేనే. ఇద్దరిని దగ్గరికి తీసుకున్న. వాని చిగుళ్లకు ఇంత నెయ్యి వేలితోటి రాసిన.

మా ఆయన ఇంటికి వచ్చినంక చెప్పిన. "సారుతోటి కయ్యమెందుకు? నాలుగు దినాలు మానిపియ్యి," అన్నడు.

"నాలుగు దినాలు మానినోడు మళ్ల పోతడా? నేనే పోయి మాట్లాడ్త."

"ఏ భాషల మాట్లాడ్తవ్?"

"వచ్చిన భాషల."

తెల్లారి తలమీద కొంగు కప్పుకొని, చిన్నదాన్ని సంకనేసుకొని, పెద్దోళ్లతోటి బడికి నడిచిన. సారు ముప్పై ఏండ్ల మనిషి, సన్నగున్నడు. వరండల కుర్చీ మీద కూసున్నడు. దారిపొడుగున వల్లెవేసుకున్న మాటలన్ని ఆయన్ను చూడంగనే ఎగిరిపోయినయి. మిగిలినవాటిల తెలుగు కలుపుకొని అందుకున్న.

"సలాం సాబ్. మేరే దాంత్ దేఖో." నా పండ్లు చూడు అని నోరు తెరిచిన. పరాయి మొగోని ముంగట గట్ల నిలబడుడు అదే మొదలు, సిగ్గుపడలే. "నావి తెల్లగున్నయి. నేను కృష్ణ ఒడ్డు ఊరి దాన్ని, ఇక్కడికి పెండ్లయి వచ్చిన. నా పిల్లలు ఇక్కడ పుట్టిన్రు. మా అందరిది ఒకటే వేపపుల్ల. నాకెందుకు తెల్లగున్నయి, వీనికెందుకు పచ్చగున్నయి? మైల్ నై సాబ్, పానీ. మురికి కాదు, మా బాయి నీళ్లు."

"నీళ్లా?" అన్నడు ఆయన వచ్చీరాని తెలుగుల. నమ్మలేదని మొకంలనే కనబడ్డది.

"మళ్ల ఒకపారి వరుసల నిలబెట్టుండ్రి. పండ్లు చూసి, ఏ బాయి నీళ్లు తాగుతరో అడుగుండ్రి."

ఆయన లేచి పిల్లలను పిలిచిండు. ఒక్కొక్కన్ని అడుక్కుంట పోయిండు. ఆ ఊరోళ్లు తాగేది వాగు పక్క బాయి నీళ్లు, వాళ్లవన్ని తెల్లగనే ఉన్నయి. పచ్చటివన్ని మా ఊరి పిల్లలవే. మా ఊరోడే ఒక్కడు మాత్రం తెల్లటి పండ్లతోటి నిలబడ్డడు. సారు నా దిక్కు తిరిగి, "మరి వీడు?" అన్నట్టు చూసిండు. "నిరుడే వచ్చిన సార్, అంతకుముందు వేరే ఊర్ల మా మేనమామ ఇంటికాడున్న," అన్నడు వాడు.

సారు ఇటుకపొడి ఉన్న డబ్బను తీసి కిటికీల నుంచి అవతల గుమ్మరించిండు. నా కొడుకు భుజం మీద చెయ్యేసి, "బైఠో బేటా," అని కూసోమన్నడు. తప్పైందని నోటితోటి అనలే, అనాలని నేను గూడ అనుకోలే. నేను మెట్లు దిగుతుంటే ఎనుకనే వచ్చి ఒక మాట అడిగిండు. ఆయన బిడ్డకు రెండేండ్లట, ఈ ఊరి నీళ్లతోటి ఫికర్ లేదు గద అని. లేదని చెప్పిన. తండ్రిగ అడిగిన ఆ మాటతోటి నా కోపం సగం పోయింది.

ఇంటికాడ పిల్లలు ఉర్దూల గుట్టు మాట్లాడుడు బంద్ చేసిన్రు. నెల తిరగకముందే ప్రతి అక్షరం ముంగట 'క' చేర్చి కొత్త భాష పుట్టిచ్చిన్రు. దాన్ని నేర్చుకోవాలని నాకు అనిపియ్యలే. అక్కాతమ్ముళ్లకు వాళ్ల మాట ఒకటి ఉండనియ్యి అనుకున్న.

నా ఆలోచనంత చిన్నదాని మీదికి మళ్లింది. దానికి ఇంక పాలపండ్లు ఊడలే. వాగుల ఇసుక తోడి చెలిమె చేసి, రోజు ఒక బిందె నెత్తిన పెట్టుకొని తెచ్చుడు మొదలువెట్టిన. మా అత్త గొణిగింది. "ఇంటిముంగట బాయి పెట్టుకొని వాగుకు పోతదట. మేం తాగి బతకలేదా?" అన్నది. ఆమె మోకాళ్లు సాపుకు రాక, కట్టె పట్టుకొని నడుస్తుండె. ఆ నీళ్లతోటే గట్ల అయినయేమోనన్న మాట నేను ఎత్తలే.

పది దినాలకు నాకు జరమొచ్చి లేవలేకపోయిన. బిందె ఖాళీగున్నది. చెల్కకు పోవాల్సిన మనిషి పొద్దుగాల్నే కావడి భుజాన ఏసుకొని, రెండు కుండలు కట్టుకొని బయటికి పోయిండు. మా ఆయన కావడి మోసుడు నేను అంతకుముందు చూడలే. మళ్లొచ్చి కుండలు దించి, చెమట తుడుచుకుంట, "ఇవి పిల్లలకు. ఇగ రోజు నేనే తెస్త," అన్నడు వాళ్లమ్మతోటి.

జరసేపటికి అత్త కట్టె పట్టుకొని వచ్చి, ఆ కుండలనే చెంబు ముంచి తాగింది.

"చప్పగున్నయి," అన్నది, ఇంకొక చెంబు ముంచుకుంట.