జవాబు కార్డు

మహబూబాబాద్ స్టేషన్ వెయిటింగ్ రూములో నా పక్కన ఒక పెద్దావిడ కూర్చుంది. మాటల్లో మా అమ్మాయి గురించి చెప్పాను. పుట్టుకతోనే దానికి వినపడదు. అలాంటి పిల్లలకు చదువు ఎక్కడ చెప్తారో మా గంగారంలో ఎవరికీ తెలియదు.

"పట్నంల పెద్ద లైబ్రరీ ఉంది బిడ్డా. కార్డు రాసి అడిగితే వాళ్లే పుస్తకాలల్ల దేవులాడి జవాబు రాస్తరు," అందామె.

"మనం పోకున్నా రాస్తరా?"

"నేను గట్లనే అడుగుత. జర ఇప్పుడే రాయి."

సంచిలోంచి, తిరుగు జవాబు రాయడానికి ఖాళీ కార్డు జతగా ఉండే జవాబు కార్డు తీసి, లైబ్రరీ చిరునామా తానే రాసి, పెన్ను నా చేతిలో పెట్టింది. నేను రాసేదాకా పక్కనే నిలబడింది. రైలు కూత వినగానే కార్డు పోస్టుడబ్బాలో వేసి పరుగెత్తింది. పేరైనా అడగలేకపోయాను.

నాకు పెద్దగా నమ్మకం లేదు. కానీ జవాబు వచ్చింది. వినపడని పిల్లల బడుల చిరునామాలు అందులో ఉన్నాయి. ఆ ఏడే అమ్మాయిని చేర్పించాం.

మొదటి సెలవులకు ఇంటికొచ్చిన పిల్ల బొగ్గుముక్కతో గోడ మీద 'అమ్మ' అని రాసి, నావైపు వేలు చూపింది. నేను కేకలేసి వాడలోని వాళ్లందరినీ పిలిచాను. ఆ దసరాకు ఇల్లంతా సున్నం వేయించాను గాని, ఆ గోడను మాత్రం ముట్టనివ్వలేదు.