పెరటికి నాలుగు నక్షాలు

రెడీమేడ్ బట్టల కర్మాగారంలో పనిచేసిన ఇరవై ఆరేళ్లూ ఆమెను అందరూ కొలతలమ్మ అనే పిలిచారు. ఆమె పని కత్తిరింపు. పొడవాటి బల్ల మీద తాను పరిచి, చొక్కా ముందు భాగం, వెనుక భాగం, చేతులు, కాలరు, జేబులు ఎక్కడెక్కడ ఇరికిస్తే గుడ్డ తక్కువ పోతుందో చూసి గీతలు గీసేది. ఆమె కత్తిరించాక మిగిలిన పీలికలు పిల్లి మూతి తుడవడానికి కూడా చాలవని తోటివాళ్లు నవ్వేవారు. చివరికి కుడి మణికట్టు కత్తెర మోయనని మొండికేసింది. యాభై రెండో ఏట ఉద్యోగం మానేసి ఇంట్లో కూర్చుంది.

కూర్చోవడం ఆమెకు చేతకాని పని. నాలుగో రోజుకే కళ్లు పెరటి మీద పడ్డాయి.

పెరడంటే గజం స్థలం కాదు. ఎనభై అడుగుల పొడవు, అరవై అడుగుల వెడల్పు. ఉత్తరాన కంచె, దక్షిణాన రెండంతస్తుల ఎత్తున పాత గిడ్డంగి గోడ. మధ్యలో మోకాలెత్తు పిచ్చిమొక్కలు, వాటి కింద ఇటుక ముక్కలు, సున్నం పెళ్లలు. ఇంటికి వెనుక గది కలిపినప్పుడు పారబోసిన చెత్త అది. కొలతలమ్మ కుట్టుమిషను పెట్టుకునేది ఆ గదిలోనే.

ఆ రాత్రి భోజనాల దగ్గర ఇంట్లోవాళ్లందరికీ చెప్పేసింది. "పెరడంతా బాగుచేయించి కూరగాయలు వేస్తాను. మడులన్నీ ముందే కాగితం మీద గీసుకుని, ఒక లెక్క ప్రకారం చేస్తాను. ఏడాది పొడుగునా ఇంటికి సరిపోవాలి."

"వెయ్యి. నాకు బజారుకెళ్లే పని తప్పుతుంది" అన్నాడు భర్త. ఆయన సిటీ బస్సు డ్రైవరు.

"నీళ్ల గొట్టం నేను లాగుతాలే వదినా" అన్నాడు మరిది. ఆయనది ప్లంబరు పని, కాపురం పైవాటాలో.

అత్తగారు కంచంలోంచి తలెత్తలేదు. "నీ ఇష్టమమ్మా" అంది.

కూలీలు వచ్చి చెత్త ఎత్తి, నేల చదును చేసి పోయారు. కొలతలమ్మ కర్మాగారం నుంచి తెచ్చుకున్న గోధుమరంగు కాగితం భోజనాల బల్ల మీద పరిచి రెండు రోజులు వంచిన నడుము ఎత్తలేదు. మొదటి నక్షాలో ఇరవై నాలుగు మడులు వచ్చాయి. ఒక్కొక్కటి ఆరడుగుల వెడల్పు. మడికీ మడికీ నడుమ బాట జానెడు. అంతకన్నా ఎక్కువ ఇవ్వడానికి ఆమెకు ప్రాణం ఒప్పలేదు. బాటలో ఏం కాస్తుంది గనక?

మేకులు కొట్టి, పురికొస కట్టి, సున్నంతో గీతలు పోసింది. దూరం నుంచి చూస్తే పెరడంతా కత్తిరింపుకు సిద్ధంగా పరిచిన తానులా ఉంది. ఆదివారం భర్త తోపుడుబండి నిండా ఎరువు వేసుకుని వచ్చాడు. మొదటి మూల దగ్గరే ఆగిపోయాడు.

"ముప్పై ఏళ్లు సందుగొందుల్లో బస్సు తిప్పినవాణ్ణి. ఈ బండిని ఇక్కడ తిప్పాలంటే మాత్రం విప్పదీసి, అవతల మళ్లీ బిగించాలి" అన్నాడు.

"చేత్తో మోసుకెళ్లండి."

"మోస్తాను సరే. ఆ మడి మధ్యలో కలుపు మొలిస్తే ఎలా తీస్తావు? ఏదీ, కూర్చుని చెయ్యి పెట్టు."

కూర్చోబోయింది. జానెడు బాటలో రెండు పాదాలు పక్కపక్కన ఆనలేదు. ఎలాగో ముందుకు వంగి చెయ్యి చాచింది. మధ్యకు ఇంకా అడుగున్నర దూరం ఉండగానే తూలి, తాను పోసిన సున్నం గీత మీదే మోకాళ్లతో పడింది. ఆయన నవ్వలేదు. నవ్వి ఉంటే తిట్టడానికైనా వీలుండేది.

రెండో నక్షాలో మడులు మూడున్నర అడుగులకు తగ్గాయి, బాటలు రెండడుగులకు పెరిగాయి. పెద్ద బండి బాట ఒకటి నడిమధ్యన పోయింది. ఇరవై నాలుగు మడులు పద్దెనిమిదయ్యాయి. ఒక్కో మడి కొట్టేస్తుంటే పన్ను పీకించుకుంటున్నట్టే ఉంది. కాగితం పట్టుకెళ్లి ఇంట్లో అందరికీ చూపించింది. భర్త బండి బాట మీద వేలు నడిపి సరేనన్నాడు. మరిది బాగుంది వదినా అన్నాడు. అత్తగారు నీ ఇష్టమమ్మా అంది.

తవ్వకం మొదలైంది. మూడో రోజున ఆరో మడిలో గునపం ఖంగుమంది. బండరాయేమో అనుకుని మట్టి తీస్తే చదరపు సిమెంటు మూత బయటపడింది. మూత అంచుల్లోంచి వచ్చిన వాసన, అదేమిటో అడగాల్సిన అవసరం లేకుండా చేసింది. అయినా మరిదిని కేకేసింది.

ఆయన మెట్లు దిగి వచ్చి తొంగిచూశాడు. "సెప్టిక్ ట్యాంకు, వదినా."

"ఇక్కడుందని నీకు తెలుసా?"

"తెలియకేం? ఆ మూత పెట్టింది నేనే కదా."

"మరి కాగితం చూపించినప్పుడు నీ నోరేమైంది?"

"బాగుందా అని అడిగావు. బాగుందన్నాను. గీతలు నిజంగానే బాగున్నాయి వదినా. కింద ఏముందని నువ్వు అడగలేదు."

కొలతలమ్మకు అరికాలి మంట నెత్తికెక్కింది. పార అక్కడే పడేసి లోపలికి వెళ్లి, కాళ్లు కడుక్కోకుండానే మంచం మీద పడుకుంది. ఇరవై ఆరేళ్లలో ఆమె గీత ఒక్కటి తప్పలేదు. అక్కడ గుడ్డ కింద బల్ల ఉండేది, అంతే. బల్ల కింద ఏముందో ఎవరు చూశారు?

మర్నాడు మరిదిని భోజనాల బల్ల దగ్గర కుదేసింది. నేల కింద ఉన్న ప్రతి గొట్టమూ, ప్రతి మలుపూ ఎర్ర పెన్సిలుతో గీయించాకే వదిలింది. ట్యాంకు చుట్టూ, దానిలోకి పోయే గొట్టాల మీదా ఏమీ వేయకూడదని తేలింది. మిగిలిన చోటు చాలావరకు దక్షిణపు వైపు, గిడ్డంగి గోడ దగ్గర. అది నడివేసవి. సూర్యుడు నెత్తిమీద ఉన్నాడు. మధ్యాహ్నం గోడ నీడ దాని మొదట్లోనే చాప చుట్టినట్టు ముడుచుకుని ఉంది. కొలతలమ్మ టేపుతో కొలిచి మరీ చూసుకుంది. టమాటా, వంగ, మిరప అన్నీ అటు వేసి, పద్నాలుగు మడులతో మూడో నక్షా ముగించింది.

ఈసారి అత్తగారికి ప్రత్యేకంగా చూపించింది. "చూడండి అత్తయ్యా, ఏమైనా ఉంటే ఇప్పుడే చెప్పండి. మళ్లీ తవ్వే ఓపిక నాకు లేదు."

అత్తగారు కాగితం కేసి చూడలేదు. కిటికీలోంచి గోడ కేసి చూసింది. పెదవులు ఒకసారి కదిలాయి. తర్వాత చీర కొంగు సర్దుకుని, "నీ ఇష్టమమ్మా" అంది.

వానలు వెళ్లాయి. నారు నాటింది. మొదటి నెల మొక్కలు కళకళలాడాయి. చలి మొదలయ్యేసరికి గోడ నీడ నడవడం నేర్చుకుంది. వారానికో అడుగు చొప్పున ముందుకు జరిగి మొదటి వరస మడులను మింగింది, ఆపైన రెండో వరస, తర్వాత మూడోది. టమాటా మొక్కలు వెలుగు కోసం మెడలు సాచి సన్నగా, పొడుగ్గా, పాలిపోయి నిలబడ్డాయి. పూత లేదు. వంగ ఆకులు ముడుచుకున్నాయి. ఒక మధ్యాహ్నం కొలతలమ్మ టేపు పట్టుకుని నీడను కొలిచింది. ఇరవై ఒక్క అడుగులు. ఆమె టేపు చివర పట్టుకుని అలాగే నిలబడి ఉండగా అత్తగారు వెనకనుంచి వచ్చింది.

"అక్కడ చలికాలం ఎండ రాదమ్మా. ఎప్పుడూ రాలేదు."

కొలతలమ్మ వెనక్కి తిరిగింది. "ఎప్పుడూ రాలేదా? మీకు ముందే తెలుసా?"

"నలభై ఏళ్ల నుంచి చూస్తున్న గోడే కదా."

"మూడుసార్లు మీ ముందు మాట పెట్టాను! మూడుసార్లు! ఒక్క ముక్క చెబితే మీ సొమ్మేం పోయింది? అడిగితే నీ ఇష్టం, అన్నీ పాడయ్యాక ఎప్పుడూ రాలేదు! ఇంట్లో ఒక్కరైనా నోరు విప్పరేం?"

అత్తగారు ఆ కేకలకు బెదరలేదు. కుట్టుమిషను గది గోడ వైపు చెయ్యి చూపించింది. "పెరటి మొత్తానికి మంచి ఎండ పడే చోటు అది. నా వంగ, నా బెండ, నా చిక్కుడు అక్కడే ఉండేవి. కాయలు తెంపుకోనివ్వకుండానే పునాది తీశారు. మిగిలినదాని మీద సున్నం పోశారు. అప్పుడు నన్నెవరూ అడగలేదు. గది కడుతున్నామని చెప్పారు. మీ ఇష్టమన్నాను. అప్పట్నుంచీ అదే అంటున్నాను."

అని లోపలికి వెళ్లిపోయింది.

సాయంత్రం భర్త డ్యూటీ నుంచి రాగానే కొలతలమ్మ గుమ్మంలోనే పట్టుకుంది. "ఈ గది కట్టకముందు ఇక్కడేముండేది?"

"ఏముంది? అమ్మ ఏవో కూరమొక్కలు పెట్టుకునేది."

"కట్టేముందు ఆవిడను అడిగారా?"

"అడగడమేమిటి, చెప్పాం. నీకు మిషను పెట్టుకోవడానికి చోటు లేదని నువ్వే కదా అన్నావు?"

అన్న మాట నిజమే. పెళ్లయిన మూడో నెలలో అంది. తన మిషనుకు గది వస్తోందని సంబరపడింది గానీ, ఆ గది దేని మీద లేస్తోందో చూసిన గుర్తు లేదు. ఆ రాత్రి ఆమెకు కోపం ఎవరి మీద పెట్టుకోవాలో తెలియలేదు. కాసేపు భర్త మీద, కాసేపు తన మీద పెట్టుకుంది. చివరికి మళ్లీ అత్తగారి మీదకే వచ్చింది. అన్యాయం జరిగిందే అనుకో. ఇన్నేళ్లు దాచుకుని, పద్నాలుగు మడుల మీద కక్ష తీర్చుకోవాలా? టమాటా మొక్కలు ఆవిడకేం అపకారం చేశాయి?

పొద్దున్నే కొత్త కాగితం తీసుకుని అత్తగారి గదిలోకి వెళ్లింది.

"గది కింద మీ మొక్కలున్నాయని నాకు తెలియదు అత్తయ్యా. తెలిస్తే..."

"తెలిస్తే ఏం చేసేదానివి? కొత్త కోడలివి. వద్దనేదానివా?"

కొలతలమ్మ అబద్ధం చెప్పలేకపోయింది. "ఏమో. అనేదాన్ని కాదేమో."

అత్తగారు ఆమె ముఖంలోకి చూసింది. ఆ జవాబు నచ్చిందో లేదో గానీ చెప్పులు వెతుక్కుంది.

ఇద్దరూ పెరటంతా తిరిగారు. వాన పడితే నీళ్లు నిలిచే పల్లం, ఈదురుగాలి కొట్టే మూల, సున్నం పోసి చంపిన నేల, చలికాలమంతా వెలుగు ఆగే చోటు అత్తగారు ఒక్కొక్కటే చూపించింది. ఇక్కడితో పోరు తీరిందనుకుంటే పొరపాటే. అత్తగారి కొలతలన్నీ కాలి అడుగులు, చేతి బారలు. కొలతలమ్మవి అంగుళాలు.

"ఇక్కడి నుంచి నాలుగు అడుగులు" అనేది అత్తగారు.

"ఎవరి అడుగులు? మీవా, నావా?"

"మడి నీదైతే నీవి. మొక్క గట్టిదైతే ఎవరివైనా ఒకటే."

నాలుగో నక్షా వారం రోజులు నడిచింది. కొలతలమ్మ ఆ వారంలో మూడుసార్లు పెన్సిలు విసిరికొట్టింది. నిన్న సరేనన్నది అత్తగారు ఇవాళ కాదనేది. ఇన్నేళ్ల మాటలన్నీ ఒక్కసారి బయటికి వస్తుంటే తలప్రాణం తోకకొచ్చింది. ఆ నీ ఇష్టమమ్మా అన్నదే సుఖంగా ఉండేదని ఒకరోజు భర్తతో అనేసింది కూడా. గోడ నీడలో పాలకూర, కొత్తిమీర, వెలుగున్న వైపు టమాటా, మిరప, బెండ. అంతవరకు ఎలాగో ఒప్పందం కుదిరింది. గుమ్మడి దగ్గర మాత్రం కుదరలేదు. కొలతలమ్మ దానికి కంచె మూలన ఆరడుగుల గడి గీసింది.

"గుమ్మడికి హద్దు గీస్తావా? అదేమన్నా చదువుకుందా, నీ కాగితం చూసి ఆగడానికి?" అంది అత్తగారు.

"ఆగకపోతే నేను ఆపుతాను."

ఎండాకాలం వచ్చేనాటికి పెరడు పెరడులా కనిపించింది. బెండ విరగకాసింది. టమాటాలు పైవాటాకూ, పక్కింటికీ ఇవ్వగా మిగిలాయి. సున్నం నేలలో వేసిన ముల్లంగి చూపుడు వేలంత కూడా ఊరలేదు. చిక్కుడు పందిరి గాలికి రెండుసార్లు పడిపోయింది. ఏడాది పొడుగునా అన్న మాట ఎవరూ మళ్లీ ఎత్తలేదు. భర్త సంచి పట్టుకుని వారానికోసారి బజారుకు వెళుతూనే ఉన్నాడు.

గుమ్మడి తీగ మాత్రం గడి దాటింది. బాట మీదుగా మిరప మడి వైపు సాగింది. కొలతలమ్మ రోజూ పొద్దున దాన్ని ఎత్తి కంచె వైపు తిప్పేది. సాయంత్రానికి అది మళ్లీ మిరపలోనే ఉండేది. తీగ అంత వేగంగా పాకదని ఆమెకు తెలుసు. అత్తగారు సాయంత్రం పెరట్లో ఒంటరిగా తిరుగుతుందనీ తెలుసు. ఇద్దరూ ఆ ఊసెత్తలేదు.

ఒకరోజు పొద్దున తీగ ఎత్తబోతే బరువు తగిలింది. ఆకులు తొలగించి చూసింది. రెండు మిరప మొక్కల మధ్య పిడికిలంత పిందె, చివర వాడిన పువ్వుతో. ఇక కదిపితే రాలిపోతుంది.

"అత్తయ్యా!" అని కేక పెట్టింది.

అత్తగారు వచ్చి వంగి చూసింది. "నిలిచింది. మంచి పిందె" అంది.

"నిలిచింది సరే, నా మిరప మడి నట్టనడుమ నిలిచింది! ఇప్పుడేం చేయమంటారు?"

"ఆ రెండు మొక్కలూ తీసి అటు పక్కన పాతు. కాయ లావెక్కుతుంది, చోటు కావాలి."

"నేను తియ్యను. కొలిచి పెట్టిన వరస అది."

"సరే, తియ్యకు."

అత్తగారు కదలలేదు. కొలతలమ్మా కదలలేదు. ఎండ ఎక్కుతోంది. ఆఖరికి కొలతలమ్మ పళ్లు కొరుక్కుంటూ బాటలో చతికిలబడి, నొప్పి లేని ఎడమ చేత్తో తాపీ పట్టుకుని మిరప మొక్కల వేళ్ల చుట్టూ మట్టి వదులు చేయసాగింది.

"ఇంకాస్త లోతుగా. వేరు తెగుతుంది" అంది అత్తగారు పైనుంచి.

"నాకు తెలుసు లెండి" అని కసిరింది కొలతలమ్మ. అని, ఇంకాస్త లోతుగానే తవ్వింది.