అతికించిన వెన్నుపూస

కొన్నేళ్లుగా ఒక చిన్న మాట చెప్పకుండా దాచుకున్నాను. నా పేరు చెప్పను. వినండి, చాలు.

భద్రాచలం అడవి అంచున ఒక వాగులో మా బృందానికి చిన్న మాంసాహారి డైనోసార్ ఎముకలు దొరికాయి. పుర్రె ముక్క, కాలి ఎముక, ఒకే ఒక వెన్నుపూస. విదేశాల్లో చిన్న టైరనోసార్ల మీద నడిచిన తగువే ఇక్కడా వచ్చింది. ఇది చిన్న జాతా, పెద్ద జాతి పిల్లా? పిల్లల్లో పూస దిమ్మ, దాని పైనుండే కమాను విడివిడిగా ఉంటాయి. పెరిగాక అతుక్కుపోతాయి. కాబట్టి తేల్చాల్సింది ఆ పూసే.

దాన్ని కడిగే పని నాది. జూలూరుపాడులో కిరాయి ఇల్లు. సిగ్నల్ లేదు, ఒళ్లంతా చిరాకు. ఫోన్ పట్టుకుని బయటికి పోబోతూ పూస ఉన్న ట్రేను బల్ల మీద విసిరినట్టు పెట్టాను. పూస రెండైంది. పుస్తకంలో చదివింది ఆ క్షణాన తట్టలేదు. విరగ్గొట్టాననుకున్నాను. హైదరాబాద్ పిల్లాడు, ఫోన్ తప్ప ఏదీ సరిగా పట్టుకోలేడు అంటారని భయపడి, గమ్ముతో అతికించి, సందులో రాతిపొడి నింపాను.

మా సార్ చూసి, పూస అతుక్కుంది కాబట్టి పూర్తిగా పెరిగిన జంతువే అన్నారు. మల్లేశ్వరి అక్క ఒక్కతే ఒప్పుకోలేదు. నాకు సీనియర్, మణుగూరు బొగ్గు కార్మికుడి కూతురు. పాపను తల్లి దగ్గర వదిలి వచ్చింది.

"ఎముక మీద పీచు చూడుండ్రి సార్, ఇంకా పెరుగుతున్న ఎముకకే గిట్లుంటది. గిది పిల్లనే."

"ఇంట్ల పిల్ల మీద బెంగంతా ఈడ చూపిస్తున్నవేందమ్మా?" అన్నారు సార్.

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. అక్క నా వైపు తిరిగింది.

"నువ్వే గదా తమ్మీ కడిగింది. పూస మీద అతుకు గీత గిట్ల కనిపించిందా?"

అప్పుడు తట్టింది. ఆ అంచులు విరిగినట్టు లేవు, ఒకదానిలో ఒకటి కూర్చునేలా మడతలు మడతలుగా ఉన్నాయి. నేను విరగ్గొట్టలేదు. పిల్ల కాబట్టే విడింది. తెలియక అతికించానని ఎలా చెప్పుకోను?

"లేదక్కా."

ఫోన్‌లోంచి తల కూడా ఎత్తలేదు.

కొత్త జాతి అని పేరు పెట్టి వ్యాసం అచ్చేశారు. ఆ వ్యాసం మీద అక్క పేరు లేదు. తన కళ్ల మీద తనకే నమ్మకం పోయిందని పరిశోధన మానేసి వెళ్లిపోయింది. ఆ నమ్మకాన్ని విరగ్గొట్టింది మాత్రం నేనే కదా?

క్షమించమని అడగను. ఆ పూసను గమ్ము కరిగించే అసిటోన్‌లో నానబెట్టండి, విడిపోతుంది. ఇదే మాట సార్‌కూ రాశాను. అక్కకు మాత్రం ఆమె అడిగినదానికే జవాబు పంపాను.

కనిపించిందక్కా.