డేటాబేస్‌కు అమ్మ నేర్పిన మాటలు

ఇప్పుడంటే ప్రోగ్రాంలో తప్పు దొర్లితే అది ఏ వరుసలో దొర్లిందో ఓ ఫైల్లో బుద్ధిగా రాసిపెట్టే ఏర్పాట్లున్నాయి గానీ, బెంగాల్లోని సాల్ట్ లేక్‌లో నేను పీహెచ్‌పీ రాయడం మొదలుపెట్టిన ఆ రోజుల్లో నా పద్ధతే వేరు. డేటాబేస్ ఎక్కడ మొరాయించిందో పట్టుకోవడానికి ఒక్కో చోట ఒక్కో మాట రాసిపెట్టేవాణ్ణి. అక్కడ తప్పు జరిగితే ఆ మాట తెర మీదకొచ్చేది. అవన్నీ మా అమ్మ మాటలే, ఇంగ్లీషు అక్షరాల్లో (సంత్రాగాఛి రైల్వే క్వార్టర్సులో పెరిగినవాణ్ణి, అప్పటికి నాకు తెలుగు రాయడం రాదు). అడిగిన వివరం దొరక్కపోతే "ఎక్కడ పారేసినావురా". ఎక్కించిందే మళ్లీ ఎక్కిస్తే "సెప్పిందే సెప్తావేటిరా". అసలు డేటాబేసే అందకపోతే "తిననేదేటిరా". ఆఫీసంతా బెంగాలీలే, ఎవరికి అర్థమవుతుందిలే అని నా ధీమా.

ఖిదిర్‌పూర్‌లో ఓ గోదాముల కంపెనీకి, ఏ సరుకు ఎక్కడుందో చూపించే సైటు చేశాను. దాన్ని వాళ్ల ఆఫీసులో నడిపి చూపించాలి. వాళ్లకు నచ్చితేనే నా ఉద్యోగం ఖాయం, లేదంటే నెలాఖరుకి ఇంటికే. మా టీమ్ లీడర్ దాదా (బెంగాలీలో అన్నయ్య అని) నా తరఫున పైవాళ్లకు మాట కూడా ఇచ్చేశాడు. చూపించాల్సిన రోజున ఏదో ఊరేగింపు ఉందనీ, బస్సులు ఆగిపోతాయనీ భయపడి పొద్దున్నే పరిగెత్తాను. వెనక నుంచి అమ్మ "ఉప్మా అయిపోనాది, రెండు ముద్దలు తినెల్లరా" అని అరుస్తూనే ఉంది.

అక్కడి పెద్దసారు దాదాతో గలగలా బెంగాలీ మాట్లాడుతూ కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. నేను బటన్ నొక్కాను. తెల్లటి తెర మీద ఒకే ఒక్క మాట: తిననేదేటిరా.

"ఎటా కీ రే?" అన్నాడు దాదా, ఇదేమిట్రా అన్నట్టు.

"డేటాబేస్ అందలేదని అర్థం, దాదా" అన్నాను.

పెద్దసారు కళ్లజోడు సర్దుకుని తెరను రెండుసార్లు చదివాడు. నా వైపు తిరిగి, "మరి తిన్నావేటి బాబూ?" అన్నాడు.

ఆయన తెలుగువాడని అప్పుడు తెలిసింది. అబద్ధం చెప్పొచ్చు, కానీ నోరు రాలేదు. "నేదండీ" అన్నాను. ఎందుకో కళ్లలో నీళ్లు తిరిగాయి.

"ఇలాగ మాయమ్మ అడిగీది. ఈ మాట ఇని ఎన్నాళ్లయిపోనాదో. ముందు తినిరా, తరవాత సూద్దాం" అన్నాడాయన.

దాదా నన్ను క్యాంటీన్‌కు లాక్కెళ్లి మైదా పూరీల్లాంటి లూచీలు, ఆలూదమ్ పెట్టించాడు. నాలుగో లూచీకి గుర్తొచ్చింది: ప్రోగ్రాంలో వాళ్ల డేటాబేస్‌ది పెట్టకుండా మా ఆఫీసు పాస్‌వర్డే వదిలేశాను! తిరిగెళ్లి మార్చగానే సైటు చక్కగా నడిచింది, నా ఉద్యోగం నిలిచింది. దాదా పెట్టింది ఒక్కటే షరతు: తప్పుల వివరాలు మనం చదువుకునే ఫైల్లోకి పోవాలి, తెర ముందు కూర్చున్నవాళ్లకు ఓ మర్యాద మాట చాలు.

సాయంత్రం అమ్మకు చెబితే, "అయితే నువ్వు తిననేదని ఆ డబ్బాకి కూడా తెలిసిపోనాదేటి!" అంది, ఎంతో గర్వంగా.

ఇన్నేళ్లలో నా తప్పులన్నింటికీ అమ్మ మాటల బదులు పద్ధతిగా అంకెలొచ్చాయి. డేటాబేస్ అందనప్పుడు ఫైల్లో పడే మాట మాత్రం మార్చలేదు. అది కనిపించినప్పుడల్లా ఆ ఆకలి కుర్రాణ్ణి తలుచుకుని నవ్వుకుంటాను. ముందు వెళ్లి ఏదో ఒకటి తినొస్తాను. తప్పు ఎక్కడికీ పోదు.