మునిరత్నం ఎత్తించిన పెట్టె

నేను ఒక అబద్ధం చెప్పాను. చెప్పడానికి క్షణం కూడా పట్టలేదు. మోయడానికి వయసంతా పట్టింది. ఎవరితోనైనా చెప్పుకుందామంటే, నా దగ్గరివాళ్ళందరూ ఆ అబద్ధాన్ని నిజమని నమ్మి బతికినవాళ్ళే. అందుకని మీకు చెబుతున్నాను. మీరెవరో నాకు తెలియదు. అది కాస్త ధైర్యంగా ఉంది. సిగ్గుగానూ ఉంది.

మాది పాకాలకు దగ్గర్లో ఒక పల్లె. ఎండాకాలంలో మా వైపు ద్రౌపదమ్మ గుడి ముందు భారతం జరుగుతుంది. పగలు కథ చెబుతారు, రాత్రి వీధిలో ఆట ఆడతారు. ఆట నేర్పే గురువును వాద్యారు అంటాం. మా వాద్యారు చెంగల్రాయప్ప. మా నాయన పోయాక నన్ను ఇంట్లో పెట్టుకుని, అన్నం పెట్టి, పద్యం నేర్పి, మీసం రాకముందే ద్రౌపది వేషం కట్టించినవాడు ఆయనే. ఆయనకు ఒక్కతే కూతురు, రాజమ్మ. ఆమె మొగుడు మునిరత్నం మాకు మద్దెల వాయించేవాడు. మంచి చెయ్యి. కల్లు ముంత ఎదురుపడితే మాత్రం ఆ చెయ్యి నిలిచేది కాదు.

ఆట సామానంతా గుడి వెనక గదిలో ఒక టేకు పెట్టెలో ఉండేది. కొయ్యతో చెక్కి, అద్దం ముక్కలూ కాకిబంగారమూ అతికించిన కిరీటాలు, భుజకీర్తులు, నడుముపట్టీలు. కొన్ని వాద్యారి తాత చెక్కినవి. ఆ గది తాళంచెవి ఎక్కడుంటుందో ఇంట్లోవాళ్ళకు తెలుసు. నాకూ తెలుసు. నేనూ ఇంట్లో మనిషినే కదా.

రెండో ప్రపంచయుద్ధం రోజుల్లో నాకు పెళ్ళయింది. ఏడాది తిరిగేలోగా కాన్పులో భార్యా బిడ్డా ఇద్దరూ పోయారు. నేనప్పుడు పక్క ఊళ్ళో ఆటలో ఉన్నాను. కబురు రాగానే మొహాన రంగు కూడా కడుక్కోకుండా పరుగెత్తాను. అప్పటికే అంతా అయిపోయింది. ఆ రంగు మొహంతోనే ఆమె పక్కన కూర్చున్నాను. ఎవరో చెంబుతో నీళ్ళు తెచ్చిచ్చేదాకా నాకు గుర్తే లేదు.

తిరుపతికి ఇవతల, చంద్రగిరి దారిలో, ఒక మామిడితోటలో ఒక స్వామి ఉండేవాడు. చుట్టూ తెల్లబట్టల మనుషులు. ఎవరో నన్ను అక్కడికి తీసుకుపోయారు. స్వామి నా కథంతా విని నెమ్మదిగా ఒక మాట అన్నాడు. "ఆడదాని వేషం కట్టినావు. అందుకే నీ ఆడది పోయింది." ఇంకొకడైతే లేచి వచ్చేసేవాడేమో. నాకు కారణం కావాలి. ఎంత క్రూరమైనదైనా సరే, ఒక కారణం. ఆయన ఇచ్చాడు. నేను ఉండిపోయాను.

ఆ తోటలో స్వామి కట్టిన భజనలు తప్ప వేరే పాట పాడకూడదు. పద్యం నోట రాకూడదు. ఆడవాళ్ళు వాకిట్లో ముగ్గు వేసినా గీతలే గీయాలి, పువ్వు వేయకూడదు. శుక్రవారం సాయంత్రం అందరం వరుసగా కూర్చుని తప్పులు ఒప్పుకునేవాళ్ళం. ఒప్పుకోవడమంటే ఆ తోటలో పక్కవాడి తప్పు చెప్పడం. ఫలానా ఆమె రుబ్బుతూ కూనిరాగం తీసింది. ఫలానా అతను బొగ్గుతో గోడ మీద గుర్రాన్ని గీశాడు. నేనూ చెప్పాను. చాలామంది గురించి చెప్పాను.

స్వామి అప్పుడప్పుడూ నన్ను చూసి, "నీ పాపం ఇంకా ఊళ్ళో తాళమేసి ఉండాది" అనేవాడు. పోయి తెమ్మని ఆయన చెప్పలేదు. ఇది రాసేటప్పుడు ఆయన మీదికి నెట్టేయాలని చెయ్యి లాగింది. నెట్టను. ఆయన చెప్పలేదు, నాకు అర్థమైంది, అంతే.

వాద్యారు చిత్తూరులో చుట్టాలింటికి పోయాడని తెలుసుకుని, ఒక మధ్యాహ్నం తోటలోని ఎద్దుబండి తోలుకుని ఊరికి పోయాను. ఎండకు వీధిలో ఒక్కరూ లేరు. మునిరత్నం గుడి తిన్నె మీద పడుకుని ఉన్నాడు. కొద్దిగా తాగి ఉన్నాడు. నన్ను చూసి సంతోషంగా లేచాడు. వాద్యారు రంగులు వేయించి తెమ్మన్నాడని చెప్పాను. గది తాళం తీశాను గానీ, పెట్టె బరువు నా ఒక్కడి వల్ల కాలేదు. అతనే రెండో పక్క పట్టుకుని బండిలోకి ఎత్తించాడు. అద్దాలు పగలకుండా కింద గడ్డి కూడా సర్దాడు.

ఆ సాయంత్రమే తోటలో అందరి ముందూ నా చేతులతో తగలబెట్టాను. పాత కొయ్య, వెంటనే అంటుకుంది. అద్దం ముక్కలు టపటపా పగిలాయి. చుట్టూ భజన పాడుతున్నారు. నేనూ పాడాను. ఏమీ అనిపించలేదా? అనిపించింది. నా ద్రౌపది కిరీటం వంగి కూలిపోతుంటే చెయ్యి మంటల్లోకి పోబోయింది. వెనక్కి లాక్కున్నాను.

కొన్నాళ్ళకు వాద్యారు తోటకు వచ్చాడు. వెంట మునిరత్నం. ఎండలో నడిచి వచ్చినట్టున్నారు, ఇద్దరి కాళ్ళూ దుమ్ము కొట్టుకుపోయాయి. స్వామి అరుగు మీద కళ్ళు మూసుకుని కూర్చున్నాడు. నేను మామిడిపాదులకు నీళ్ళు పోస్తున్నాను.

"పెట్టె కనపళ్ళేదురా," అన్నాడు వాద్యారు. "నువ్వొచ్చి తీసకపోయినావని వీడంటాడు. ఊళ్ళో అందరూ వీడే చిత్తూరులో అమ్ముకోని తాగినాడంటారు. నువ్వు చెప్పు. నీ మాట నమ్ముతా."

నేను కడవ దించాను.

"నేను ఊరి పక్కకే రాలేదయ్యా. ఈ తోట దాటి యాడికీ పోలేదు."

మునిరత్నం అరవలేదు. నా దగ్గరికి రెండడుగులు వేసి, మెల్లగా అన్నాడు. "నా సేతుల్తో బండికెత్తిచ్చినా కదప్పా. నా మొగం సూసి సెప్పు."

నేను అతని మొహం చూశాను. చూస్తూనే చెప్పాను. "నువ్వు తాగుంటావు మునిరత్నం. కలొచ్చిందేమో."

స్వామి కళ్ళు తెరవలేదు. పెట్టె కాల్చినప్పుడు అక్కడున్నవాళ్ళు పదిమందైనా ఆ చుట్టుపక్కలే పని చేసుకుంటున్నారు. ఒక్కరూ తలెత్తలేదు. వాద్యారు అల్లుడి వైపు తిరిగి, "ఇంక సాల్లేరా, పోదాం పద," అన్నాడు. ఆయన అతన్ని కొట్టి ఉంటే బాగుండేది. కొట్టలేదు. కొడుకులాంటి అల్లుడు ఇంకెందుకూ పనికిరాడని తెలిసిన మనిషి ఎలా మాట్లాడతాడో అలా మాట్లాడాడు.

ఎందుకు చెప్పాను ఆ అబద్ధం? స్వామికి భయపడా? తర్వాత చాలాసార్లు నన్ను నేనే అడిగాను. స్వామికి కాదు. నేను చేశానని తెలిసిన మరుక్షణం వాద్యారు నన్ను ఎలా చూస్తాడో, ఆ చూపుకు భయపడ్డాను. భక్తి గానీ పాపభీతి గానీ అందులో పిసరంత కూడా లేదు.

ఊరంతా కలిసి మునిరత్నాన్ని మద్దెల ముట్టనివ్వలేదు. అతను కోలారు గనులకు పోయాడు. అప్పటికి రాజమ్మ కడుపుతో ఉంది.

నేను మాత్రం తోటలో ఎక్కువకాలం నిలవలేకపోయాను. కడవ ఎత్తుకుని నడుస్తుంటే నా నడక ద్రౌపది నడక అయిపోయేది. అది చూసి శుక్రవారం నాడు ఎవరో నా మీద చెప్పారు. నెలపాటు మాట్లాడకూడదని స్వామి శిక్ష వేశాడు. ఆ మౌనంలోనే లోపల పద్యాలన్నీ తిరిగి లేచాయి. ఒక పొద్దున తుండుగుడ్డ భుజాన వేసుకుని బయటికి నడిచాను. ఎవరూ ఆపలేదు. ఆ తోటకు గేటు కూడా లేదు. రైలుకట్ట పక్కన వేరుశనగ చేలల్లో నడుస్తూ గొంతెత్తి పాడాను. గొంతు గీరుకుపోయి ఉంది, శ్రుతి లేదు. అయినా పాడాను. కలుపు తీసే ఆడవాళ్ళు నడుములెత్తి చూసి నవ్వారు. అంత సంతోషం నా జీవితంలో అంతకుముందు లేదు, ఆ తర్వాతా లేదు. ఇది కూడా మీకు చెప్పాలి. ఒక మనిషి బతుకు కాల్చి వచ్చినవాడికి అంత సంతోషం ఎలా వచ్చింది? వచ్చింది. ఆ పూట మునిరత్నం నాకు గుర్తుకే రాలేదు.

నేరుగా వాద్యారి ఇంటికి పోయాను. చెప్పేయాలనుకునే పోయాను, నిజం. ఆయన పంచలో కూర్చుని ఒక కొయ్యముక్కను చెక్కుతున్నాడు. చూపు తగ్గింది, చేత్తో తడిమి తడిమి చెక్కుతున్నాడు. నా అడుగుల చప్పుడుకే పోల్చుకున్నాడు. "వచ్చినావా. గొంతుండాదా, పోయిందా?" అన్నాడు.

ఒక్క పద్యం పాడాను. ఆయన ఉలి పక్కన పెట్టి, నా తల చుట్టుకొలత దారంతో కొలుచుకున్నాడు. చెబితే ఆయన చెక్కుతున్న ఆ కిరీటం నాకు రాదు. నోరు మూసుకున్నాను. తోటలో నా నోటికి వేసిన కట్టును తెంచుకుని వచ్చి, ఈసారి నా అంతట నేనే వేసుకున్నాను. ఆడటానికి.

ఆ తర్వాత చాలా ఏళ్ళు ఆడాను. వాద్యారు నేర్పినదాంట్లో నాకు తోచినవి కలిపాను, నడకలు మార్చాను, కొత్త పద్యాలు కట్టాను. అడ్డు చెప్పేవాడు లేడు. చిత్తూరు దాకా పిలిచేవాళ్ళు. అందరూ మెచ్చుకునేది సభలో ద్రౌపదిని. పెట్రోమాక్సు వెలుతుర్లో నేను పెద్దలందరినీ పేరుపేరునా పిలిచి, చూస్తూ ఎందుకు ఊరుకున్నారని అడిగేవాణ్ణి. జనం ఏడ్చేవాళ్ళు. ముందు వరసలో చాప మీద రాజమ్మ, ఒళ్ళో కూతురు. ఆమె కూడా ఏడ్చేది. నాకూ నిజంగానే కన్నీళ్ళు వచ్చేవి. అవి ఎవరి కోసమో మాత్రం నన్ను అడగకండి.

మునిరత్నం గనుల్లోనే దగ్గుతో పోయాడు. ఎప్పుడో పోయాడు, కబురు ఆలస్యంగా వచ్చింది. రాజమ్మ బొట్టు చెరుపుకుంటూ, "తాగకపోయుంటే మంచోడే," అంది నాతో. నేను తలూపాను. చూడండి, తలూపాను.

వాద్యారు పోయాడు. రాజమ్మా పోయింది. ఇప్పుడు చెప్పడంలో గొప్పేమీ లేదని నాకు తెలుసు. క్షమించగలిగినవాళ్ళు ఎవరూ మిగలని దాకా ఆగి చెబుతున్నాను. ఇది పిరికితనమే. పేరు రాయకపోవడమూ అదే. కానీ మునిరత్నం కూతురు ఉంది. చిన్నప్పుడు బళ్ళో పిల్లలు ఆమెను పెట్టెదొంగ బిడ్డ అనేవాళ్ళు. ఒకసారి నా ముందే అన్నారు. నేను ఆ పిల్లల్ని కసిరి తరిమాను. ఆ పిల్ల నా పంచె పట్టుకుని, "నువ్వొక్కడివే మంచోడివి మామా," అంది.

ఆమె ఇప్పుడు టీచరు. చదువుతుంది. ఇది ఆమె కంటపడితే, ఊరూ ఆటా చూసి నేనెవరో ఇట్టే తెలుసుకుంటుంది. తెలుసుకోనీ. తర్వాత ఏమనుకుంటుందో ఆమె ఇష్టం.

అమ్మా, పెట్టె ఎత్తుకుపోయింది నేను. తగలబెట్టింది నేను. మీ నాయన అద్దాలు పగలకుండా కింద గడ్డి సర్దినాడు, అంతే.